బాటసారి ఇబ్న్ బతూతా

ప్రయాణానికి ముందు కావలసింది డబ్బేనని చాలామంది అనుకుంటారు. డబ్బు అక్కరలేదని మేమనడం లేదు. కాని ఏడువందల ఏండ్ల క్రిందట ఒంటరిగా ఇల్లు విడిచి, ఇంచుమించు 1,17,000 కిలోమీటర్లు తిరిగాడని చెప్పుకునే ఒక యువకుని చరిత్ర చూస్తే, మరికొన్ని కూడా కావాలని తెలుస్తుంది. మొదటిసారి ఊరు దాటబోయే మన పిల్లల కోసం ఆ చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం.

ఇబ్న్ బతూతా 1304లో మొరాకోలోని టాంజియర్‌లో, ఖాజీల వంశంలో జన్మించారు. ధర్మశాస్త్రం చదివారు. 1325లో, ఇరవై ఒకటో ఏట, హజ్ సంకల్పంతో తల్లిదండ్రులను విడిచి బయలుదేరారు. దారిలో జ్వరం పట్టుకుంది. పడిపోకుండా తలపాగా గుడ్డతో తనను జీనుకు కట్టుకుని సాగారు. ట్యూనిస్ చేరాక, తోటివారికి అందరూ ఎదురొచ్చి సలాం చెబుతుంటే, తనను పలకరించే దిక్కులేక ఏడ్చేశారు. అంతటి యాత్రికుడికే బెంగ తప్పలేదు. మన కుర్రవాడు కొత్త ఊళ్లో కంటతడి పెడితే అందులో సిగ్గేముంది? అక్కడి నుంచి ఆయన బిడారుతో కలిసి నడిచారు; చదువు చూసి ఆ బిడారుకు ఆయననే ఖాజీగా పెట్టుకున్నారు. చేతిలో విద్య ఉంటే పరాయిచోట కూడా అన్నం పుడుతుంది.

1326లో హజ్ చేశారు. తర్వాత ఇరాక్, ఇరాన్, యెమెన్, తూర్పు ఆఫ్రికా తీరం తిరిగారు. నేటి టర్కీలో ఒక ఊళ్లో కొందరు వచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకుంటే దొంగలనుకుని హడలిపోయారు. తీరా అరబీ తెలిసినవాడు వచ్చి చెప్తే తెలిసింది, అతిథిని మా యింటికంటే మా యింటికని వారు పోట్లాడుకుంటున్నారని! భాష రానిచోట తొందరపడి అనుమానించరాదు.

1333లో సింధునది చేరి, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ అయ్యారు. కొన్నేళ్లకు సుల్తాన్ ఆయనను చైనాకు రాయబారిగా పంపారు. నేటి అలీగఢ్ దగ్గర దోపిడీకి గురై, కొన్నాళ్లు దిక్కుతోచక ఒంటరిగా తిరిగారు. చివరకు ఒక బాటసారి భుజాన మోసుకెళ్లి కాపాడాడు. కాలికట్‌లో జుమా నమాజు కోసం ఒడ్డున ఉండగా తుఫాను వచ్చి కానుకల ఓడ మునిగింది. సామానున్న రెండో ఓడ వెళ్లిపోయింది. మిగిలినవి పది దీనారాలు, పడుకునే తివాచీ. ఉన్నదంతా ఒకేచోట పెట్టకండి, కొంత ఒంటిమీదే ఉంచుకోండని మేము చెప్పేది అందుకే. అయినా ఆయన ఆగలేదు. మాల్దీవులు, సింహళం, బెంగాల్, సుమత్రా దాటి చైనా చూశారు.

తిరుగుదారిలో, 1348లో, డమాస్కస్‌లో ఒక వార్త తెలిసింది. తండ్రి పోయి అప్పటికి పదిహేనేళ్లయింది! తల్లి బ్రతికే ఉన్నదన్నారు. ఆమెను చూడాలని వస్తుంటే, 1349లో, ఇల్లు ఇంకొద్ది దూరంలో ఉందనగా, ఆమె కూడా ప్లేగుతో కన్నుమూసిందని విన్నారు. ప్రపంచమంతా సలాం అందుకున్న కొడుక్కి అమ్మ సమాధి మాత్రమే మిగిలింది.

తర్వాత ఆయన స్పెయిన్, మాలి కూడా చూసివచ్చారు. ఫెజ్ సుల్తాన్ ఆజ్ఞపై ఇబ్న్ జుజయ్ అనే పండితునికి తన యాత్రలన్నీ చెప్పగా, ఆ గ్రంథం 1355లో పూర్తయింది. అందులో కొన్నిచోట్ల తేదీలు పొసగవని చరిత్రకారులంటారు. దాదాపు ముప్పై ఏళ్ల తిరుగుడు జ్ఞాపకం మీద చెప్తే పొరపాట్లు రావా? రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవడం మేలు.

ఆయన కాలంలో ఇంటికి ఒక ఉత్తరం చేరాలంటే ఏళ్లు పట్టేది. మన పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ఎంత దూరమైనా వెళ్లండి, నాలుగు దేశాలు చూడండి. చేరిన రోజునే అమ్మకు కబురు పంపండి. మేము కోరేది అదొక్కటే.