దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులుగారు

ఒకే భాష మాటలాడు జనులు ఒక గొడుగు క్రిందికి వచ్చుట సులభమని పలువురు తలంతురు. చరిత్రను జూచినవారికి అది యెంత కష్టమో తెలియును. 1911వ సంవత్సరమున మంగోలులు స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి. కాని దక్షిణభాగమందలి వారి సోదరులు చీనా పాలనలోనే మిగిలిరి. 1915లో జరిగిన క్యాఖ్తా ఒడంబడిక ఉత్తరభాగమునకు మాత్రమే, అదియు చీనా ఆధిపత్యమునకు లోబడి, స్వపరిపాలన నొసగెను. ఆ సంవత్సరములలోనే మన తెలుగువారికిని ఇట్టి చిక్కులు కలిగినవి. వానిని ఓర్పుతో విప్ప యత్నించిన మహనీయులలో దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులుగారు అగ్రగణ్యులు.

పంతులుగారు 1866వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన గుంటూరున జన్మించిరి. మదరాసులో ఉన్నతవిద్య నభ్యసించి, న్యాయవాదియై బందరులో వృత్తి నారంభించిరి. అచ్చటనే 1902లో దాసు నారాయణరావుగారితో కలిసి కృష్ణాపత్రికను స్థాపించిరి. పిమ్మట గుంటూరు చేరి ప్రజాసేవకు అంకితులైరి.

ఆనాడు తెలుగు జిల్లాలు మదరాసు రాజధానిలో తమిళ, కన్నడ, మలయాళ, ఓఢ్ర ప్రాంతములతో కలిసియుండెను. తెలంగాణము నైజాము ఏలుబడిలో నుండెను. 1912లో నిడదవోలున జరిగిన సభలో, తెలుగువారందరికి ఒక మహాసభ కావలెనని నిశ్చయించిరి. 1913 మే నెలలో బాపట్లలో బి. ఎన్. శర్మగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను.

అచ్చటనే అసలు చిక్కు బయలుపడెను. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనన్న తీర్మానమునకు తెలుగువారే సందేహించిరి. కృష్ణా గోదావరీ కాలువలతో పంటలు పండి, విద్యయందు ముందంజ వేసిన సర్కారు జిల్లాలవారు ఉద్యోగములన్నియు తామే పొందుదురేమో యని రాయలసీమవారు శంకించిరి. మదరాసునకు చేరువనున్న నెల్లూరువారికి ఆ పట్టణముతోడి సంబంధము తెగునను భయము గలదు. ఉత్తరజిల్లాల వారిలోను కొందరు వెనుకాడిరి. పరాయి ప్రభుత్వము అడ్డు నిలుచుట వింత గాదు. అన్నదమ్ములే ఒకరినొకరు నమ్మకుండుట పెద్ద అడ్డంకి యయ్యెను.

పంతులుగారు సంశయించినవారిని నిందింపలేదు. తోడివారితో జిల్లాలకు వెళ్లి, అచ్చటి పెద్దలను కలిసికొని, వారి సందేహములను విని, సమాధానములు చెప్పిరి. 1914లో న్యాపతి సుబ్బారావు పంతులుగారి యధ్యక్షతన బెజవాడలో జరిగిన రెండవ మహాసభ ప్రత్యేకరాష్ట్ర తీర్మానమును అంగీకరించెను. 1918లో శర్మగారు కేంద్ర శాసనసభలో భాషాప్రాంతములనుగూర్చి ప్రతిపాదించిన తీర్మానము ఓడిపోయెను. కాని ఆ యేటనే ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసుసంఘ మేర్పడెను. సుబ్బారావుగారు దానికి అధ్యక్షులు, పంతులుగారు కార్యదర్శి.

అటుపై స్వాతంత్ర్యోద్యమమున పంతులుగారు పలుమారులు కారాగారవాస మనుభవించిరి. 1923లో కాకినాడ కాంగ్రెసునకు ఆహ్వానసంఘాధ్యక్షులై యుండిరి. తెలుగువారిలోని శంకలు మాత్రము తొలగలేదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడగా, దాని స్థానము బెజవాడయా, అనంతపురమా, విశాఖపట్టణమా యని వివాదము పెరిగెను. తుదకు 1937 నవంబరు 16వ తేదీన, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగులో ఉభయప్రాంతముల పెద్దలును కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. అనంతపురమున విద్యాకేంద్రము, రాయలసీమకును నెల్లూరునకును నీటివనరులలో ప్రాధాన్యము, రాజధాని హైకోర్టులు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్కటి అను నిబంధనలు అందు గలవు. దానిపై చేవ్రాలు చేసినవారిలో పంతులుగారొకరు. బలవంతుడు బలహీనునకు హామీ యిచ్చినగాని ఐక్యము పొసగదని వీరు గ్రహించిరి.

పంతులుగారు 1949 ఆగస్టు 15వ తేదీన పరమపదించిరి. నాటికి ఆంధ్రరాష్ట్ర మేర్పడలేదు. మదరాసు పట్టణము ఎవరిదను తగవు మిగిలియుండెను. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమును వెలసెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము వేరు రాష్ట్రమయ్యెను.

ఈ పటములలో దేనియందును కోవిల్‌పట్టి, విరుదునగరముల తెలుగువారు చేరలేదు. విజయనగర, మధుర నాయకరాజుల కాలములనుండి ఈ నల్లరేగడి నేలను దున్నుకొనుచు వచ్చిన కుటుంబములు మనలో అనేకములు. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్‌గారి యింటిభాష తెలుగే. వారు మన పూర్వుల వలసకథను తమిళమున నవలగా వ్రాసి కీర్తి గాంచిరి. అది తమిళమునకు లాభము, మనకు గర్వకారణము. అయినను మన తాతల కథను మన లిపిలో చదువగల పిల్లలు ఎందరు మిగిలిరో తల్లిదండ్రులు లెక్కించుకొనవలెను.

మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున, మా మాటతీరును విని అచ్చటివారు మమ్ము అరవవారనిరి. ఇచ్చట మనము వడుగులమని పిలువబడుదుము. ఇందులకు చింతింప బనిలేదు. పటముమీది గీత వలన తెలుగు నిలువదు, దాని లోపముచే నశింపదు. విద్యార్థులారా! తమిళమును చక్కగా నేర్వుడు. అది మనకు అన్నము పెట్టు నేల భాష. దానితోపాటు, ఇంటనున్న అవ్వకు దినమున కొక్క పుట తెలుగు చదివి వినిపింపుడు. పంతులుగారు ఊరూర తిరిగి చేసిన పనిని మీరు మీ యింట చేసినవారగుదురు.