మథియాస్ జదార్స్కీ

మథియాస్ జదార్స్కీ (ఫిబ్రవరి 25, 1856 - జూన్ 20, 1940) ఆస్ట్రియా దేశానికి చెందిన ఉపాధ్యాయుడు, చిత్రకారుడు, శిల్పి. ఆల్ప్స్ పర్వతాల నిటారు వాలులకు తగిన స్కీయింగ్ పద్ధతిని రూపొందించినవారిలో అగ్రగణ్యుడు. స్కీలు అనగా పాదాలకు బిగించుకొని మంచుపై జారుటకు వాడే పొడవైన పలకలు. మన దేశములో గుల్మార్గ్ (కాశ్మీరు), ఔలీ (ఉత్తరాఖండ్) ఈ క్రీడకు ప్రసిద్ధములు.

బాల్యము, జీవనము

ఈయన ప్రస్తుత చెక్ గణతంత్రములోని త్రెబీచ్ పట్టణ సమీపాన జన్మించాడు. చిన్నతనములోనే ఒక కంటి చూపు కోల్పోయాడు. కొంతకాలము ఉపాధ్యాయ వృత్తి చేసి, 1889లో ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్ వద్ద కొండపై వ్యవసాయ క్షేత్రము కొని స్థిరపడ్డాడు.

స్కీయింగ్ పద్ధతి

నాన్సెన్ 1888లో స్కీలపై గ్రీన్‌లాండును దాటిన వృత్తాంతము చదివి జదార్స్కీ నార్వే నుండి స్కీలు తెప్పించుకున్నాడు. అవి ఆల్ప్స్ వాలులకు అనుకూలించలేదు. అందువలన స్కీల పొడవు తగ్గించి, పాదము పక్కకు జారకుండ పట్టియుంచే లోహపు బంధనమును అనేక ప్రయోగాల తరువాత తయారుచేశాడు. ఒకే పొడవైన కర్ర సాయముతో వేగమును అదుపుచేస్తూ మలుపులు తిరిగే విధానమును 1896-97లో గ్రంథరూపములో వెలువరించాడు. శిష్యులకు ఉచితముగా శిక్షణ ఇచ్చాడు.

నార్వే పద్ధతి అభిమానులు ఈ విధానమును విమర్శించారు. 1905లో నార్వే నుండి వచ్చిన హస్సా హోర్న్, జదార్స్కీతో కలిసి ష్నీబెర్గ్ పర్వతముపై బ్రైటె రీస్ అను నిటారు లోయ వద్దకు వెళ్ళి, అటువంటి చోట్లకు ఈ పద్ధతియే తగినదని అంగీకరించాడు. ఇటువంటి లోయల గుండా మంచు చరియలు విరిగిపడుతుంటాయి. మంచు ఎరుగని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులు దీనిని గుట్ట మీది వాననీరు, రాళ్ళు దొర్లివచ్చే వాగుదారితో పోల్చుకొనవచ్చును. 1905 మార్చి 19న లిలియన్‌ఫెల్డ్ సమీపములోని ముకెన్‌కోగెల్ కొండపై, నాటిన గుర్తుల నడుమ మలుపులు తిరుగుతూ దిగే పోటీని నిర్వహించాడు. నేటి స్లాలమ్ పోటీలకు ఇది నాంది.

మంచు చరియ ప్రమాదము

మొదటి ప్రపంచ యుద్ధములో ఈయన ఆస్ట్రియా సైన్యమునకు పర్వత ప్రాంత శిక్షకునిగా పనిచేశాడు. 1916 ఫిబ్రవరి 28న కారింథియా ప్రాంతములో చరియ కింద చిక్కుకున్న సైనికులను రక్షించుటకు వెళ్ళగా, మరొక చరియ ఈయనపై పడింది. ప్రాణాలతో వెలికితీసినప్పటికీ, ఎముకలు విరుగుట, కీళ్ళు తొలగుట కలిపి సుమారు 80 గాయములైనవి. స్వయముగా వ్యాయామములు రూపొందించుకొని, కొన్ని సంవత్సరముల తరువాత తిరిగి స్కీయింగ్ చేయగలిగాడు. ఈ అనుభవము తరువాత చరియల స్వభావముపై పరిశీలనలను గ్రంథముగా ప్రకటించాడు. నిటారు వాలుపై అదుపు నేర్పిన గురువు సైతము మంచు బారినుండి తప్పించుకొనలేకపోయాడు. నైపుణ్యముతో పాటు మంచు స్థితిని గమనించుట ఎంత అవసరమో ఈ సంఘటన తెలుపుతుంది.

చివరి దినములు

పర్వతాలపై రాత్రి చిక్కుకున్నవారు తలదాచుకొనే తేలికపాటి గుడ్డ సంచి కూడా జదార్స్కీ కల్పనయే. అది నేటికీ ఆయన పేరుతో వాడుకలో ఉంది. 1940 జూన్ 20న సాంక్ట్ పోల్టెన్ పట్టణములో 84వ యేట మరణించాడు.