కొలత నేర్పిన ఫానీ ఫార్మర్

పాలకూర రెండు కట్టలు అని వంటలు రాసేవాళ్లం సులువుగా రాసేస్తాం. ఏ బజారు కట్ట? ఒకచోట పిడికెడు, ఇంకోచోట చేటెడు! పూర్వం అమెరికా ఇల్లాళ్లకూ ఇదే తంటా. వెన్న కోడిగుడ్డంత, పిండి టీ కప్పుడు అని ఉండేవి వాళ్ల వంట పుస్తకాల్లో. ఆ గందరగోళాన్ని చాలావరకు సర్దిన మనిషి ఫానీ మెరిట్ ఫార్మర్.

1857 మార్చి 23న బోస్టన్‌లో పుట్టారు. తండ్రి అచ్చుపని చేసేవారు. ఆడపిల్లలకు చదువు చెప్పించాలన్న పట్టుదల ఉన్న ఇల్లు అది. పెద్దకూతురు ఫానీ కాలేజీకి వెళుతుందనుకున్నారు. పదహారో ఏట పక్షవాతం లాంటి జబ్బు వచ్చి మంచాన పడేసింది. చదువు ఆగిపోయింది. ఏళ్ల తరబడి నడవలేకపోయారు. లేచాక కూడా కాలు ఈడుస్తూనే నడిచారు. పెళ్లి మాట లేదు, ఉద్యోగం లేదు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి మిగిలేది వంటిల్లే కదా! ఇంట్లో భోజనం పెట్టి అద్దెకు ఉంచుకునే వాళ్ల కోసం వండుతూ వండుతూ చేయి తిరిగింది.

ముప్పై దాటాక, తమకన్నా చిన్నవాళ్లతో కలిసి బోస్టన్ వంటల స్కూల్లో చేరారు. 1889లో పాసయ్యారు. అక్కడే పంతులమ్మగా ఉండిపోయి, కొన్నేళ్లకే ప్రిన్సిపాల్ అయ్యారు.

1896లో తమ వంట పుస్తకం అచ్చుకిస్తే ప్రచురణకర్తలకు నమ్మకం కుదరలేదు. ఖర్చు ఆవిడనే పెట్టుకోమన్నారు, మూడు వేల కాపీలు మాత్రమే వేశారు. హక్కులు మాత్రం ఫానీ చేతిలోనే ఉండిపోయాయి. ఆ పుస్తకం తర్వాత లక్షల్లో అమ్ముడుపోయింది. చూశారా, ఎవరి అపనమ్మకం ఎవరికి లాభించిందో!

అందులో ఆవిడ పట్టుబట్టింది ఒక్కటే: కప్పయినా చెంచా అయినా గోపురంలా పోయకూడదు. నింపి, చాకుతో అంచుకు సమంగా గీసేయాలి. ఈ మాట మొదట అన్నది ఫానీ కాదు, ఆ స్కూల్లోనే ముందున్న మేరీ లింకన్ 1884 పుస్తకంలోనూ కొలతల జాగ్రత్త ఉంది. ఇంటింటికీ చేర్చిన ఘనత మాత్రం ఫానీదే.

పిండికి, చక్కెరకి ఈ పద్ధతి బాగానే కుదిరింది. ఆకుకూరే మాట వినదు. చాకుతో గీయడానికి ఆకు మీద అంచెక్కడ? అక్కడ పాలకూరను పెక్ అనే కొలపాత్రతో, అంటే దాదాపు తొమ్మిది లీటర్ల లెక్కన కొనేవారు. అదిమితే ఒక లెక్క, వదులుగా వేస్తే ఇంకో లెక్క. పచ్చి పాలకూర వదులుగా ఒక కప్పు నింపి తూస్తే సుమారు 30 గ్రాములే. ఉడికించి నీళ్లు వార్చి అదే కప్పు నింపితే సుమారు 180 గ్రాములు! అందుకే పప్పులోకి ఆకు కప్పుతో కాక త్రాసుతో కొలుచుకుంటే నయం. కప్పే గతి అయితే పచ్చిదా, ఉడికిందా, అదిమిందా అన్నది రాసి పెట్టుకోండి.

1902లో ఫానీ సొంత స్కూలు తెరిచారు. 1904లో రోగుల పథ్యం మీద పుస్తకం రాశారు. దాన్నే తమ అసలైన పనిగా భావించేవారు. మంచాన పడిన రోజుల్ని ఎరిగిన మనిషి మరి. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆ విషయం మీద పాఠాలూ చెప్పారు. చివరి ఏళ్లలో మళ్లీ చక్రాల కుర్చీ తప్పలేదు. అందులో కూర్చునే పాఠాలు చెప్పారు, 1915 జనవరిలో కన్నుమూయడానికి కొద్ది రోజుల ముందు వరకూ.