చదువు రానివారి కోసం పాటలు కట్టిన పురుషోత్తమ చౌదరి గారు



ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, పాటల చివర చిన్న అక్షరాలలో ఉన్న పేర్లు చూస్తూ పోతే ఒక పేరు మళ్లీ మళ్లీ కనబడుతుంది. పురుషోత్తమ చౌదరి. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు ఆయనవే. ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లి 130 ఏళ్లు దాటింది. అయినా ఇప్పుడు ఆయన జీవితాన్ని తలచుకోవడానికి ఒక కారణం ఉంది. ఊళ్లో మనం వదిలి వచ్చిన మన పెద్దవాళ్లకు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారికి, మంచం పట్టినవారికి, మనుషుల పేర్లు కూడా మరచిపోయినవారికి ఆయన పాటలు నేటికీ తోడుగా ఉన్నాయి. అవి అలా నిలబడేలా ఆయన ఎందుకు, ఎలా కట్టారో తెలుసుకుంటే మన పెద్దల విషయంలో మనం చేయవలసింది కూడా తెలుస్తుంది.

చౌదరి గారు 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఇప్పుడు పర్లాకిమిడి ఒడిశాలో, మన శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు ఆనుకొని ఉంది. వంగదేశం నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం వారిది. తెలుగు, ఒరియా రెండూ వినిపించే నేల మీద, భక్తి పాటల మధ్య పెరిగారు. పద్యం, ఛందస్సు, రాగం, తాళం ఆయనకు క్రీస్తును ఎరుగక ముందే వచ్చు.

ఆయన రెండేళ్ల పసివాడుగా ఉన్నప్పుడు, 1805లో, లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో పని మొదలుపెట్టారు. 1812లో కొన్ని సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. ఆ విత్తనం శ్రీకాకుళం వైపు కూడా చేరింది. అప్పట్లో దాన్ని సికాకోలు అనేవారు. అక్కడ ఉండిన హెలెన్ నాట్ అనే దొరసాని గారి సాక్ష్యం చౌదరి గారిని ప్రభువు దగ్గరకు నడిపిన వాటిలో ఒకటి. 1833లో, ముప్పై ఏళ్ల వయసులో, ఆయన బాప్తిస్మం పొందారు.

అది నేడు మనం అనుకునేంత తేలికైన సంగతి కాదు. ఆ రోజుల్లో బ్రాహ్మణుడు బాప్తిస్మం తీసుకుంటే ఇంట్లో పంక్తి భోజనం ఉండదు, కులంలో చోటు ఉండదు, బంధువుల గడప తొక్కే వీలుండదు. ఆ నష్టానికి ఆయన సిద్ధపడ్డారు. కానీ ఒకటి మాత్రం వదులుకోలేదు. అది తన భాషలోని పాట.

ఇక్కడే ఆయన పనిలోని గొప్పతనం ఉంది. తొలినాళ్ల సంఘాల్లో దొరలు ఇంగ్లీషు పాటలను తెలుగులోకి మార్చి, ఇంగ్లీషు స్వరాలకే పాడించేవారు. తెలుగు మాట ఆ కొలతలో ఇమడదు. పొడుగు అక్షరం పడవలసిన చోట పొట్టి అక్షరం పడుతుంది, మాట మధ్యలో విరుగుతుంది. నోటికి పట్టని పాట మనసులో నిలవదు. పైగా అప్పటికి పూర్తి తెలుగు బైబిలు లేదు. అది అచ్చులో రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చినా చదివేదెవరు? ఆయన మరణించిన తరువాత తీసిన 1901 జనాభా లెక్కల్లో కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో చదువు వచ్చినవారు నూటికి ఆరేడుగురే. స్త్రీలలో నూటికి ఒక్కరు.

అందుకని చౌదరి గారు వాక్యాన్ని పాటలో పెట్టారు. మన నేల మీది రాగాలు, తాళాలు తీసుకున్నారు. పల్లవి చిన్నది, ప్రతి చరణం తరువాత తిరిగి వచ్చేది. ఒకరు పాడి వదిలితే అందరూ అందుకునేది. ప్రాస ఉండడంతో మొదటి పాదం విన్నవారికి రెండోది దానంతట అదే నోటికి వస్తుంది. పాపం, ప్రాయశ్చిత్తం, సిలువ, పునరుత్థానం, రెండవ రాకడ వంటి లోతైన సంగతులు పుస్తకం పట్టుకోలేని తల్లి నోటికి కూడా వచ్చేలా కట్టారు. త్రాహిమాం క్రీస్తు నాథ అనే కీర్తన తెలియని తెలుగు సంఘం దాదాపు లేదు. కాపాడమని వేడుకునే ఆ సంస్కృత మాట ఆయన చిన్ననాటి నుండి విన్న భక్తిలోనిదే. దాన్ని తెచ్చి క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. కీర్తనలే కాక శతకాలు, కులాచారాన్ని వాక్యంతో పరీక్షించే రచనలు కూడా చేశారు. కవిగా ఇంట్లో కూర్చోలేదు. విశాఖ, గంజాం ప్రాంతాల్లో సువార్త ప్రకటిస్తూ, సంఘాలకు కాపరిగా కష్టపడ్డారు.

బాప్తిస్మం తరువాత దేవుడు ఆయనకు ఇంచుమించు 57 ఏళ్లు ఇచ్చాడు. ఆ కాలంలో తెలుగు సంఘం రూపమే మారిపోయింది. 1878 జూలై 3న ఒక్క రోజులోనే ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలా వచ్చినవారిలో ఎక్కువమంది అక్షరం రాని పేదలు. అటువంటి సంఘాలకు కీర్తనే పలక, కీర్తనే బైబిలు అయింది. చౌదరి గారు 1890 ఆగస్టు 24న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ కాలానికి అది చాలా పెద్ద వయసు.

ఇప్పుడు మన పెద్దల సంగతికి వద్దాం. చౌదరి గారు చదువు రానివారి కోసం పాటలు కట్టారు. మన అమ్మమ్మలకు, తాతయ్యలకు చదువు వచ్చు. కానీ వయసుతో చూపు తగ్గుతుంది, బైబిలు అక్షరాలు అలుక్కుపోయినట్లు కనబడతాయి. మతిమరుపు వ్యాధి వచ్చినవారు పేజీ చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. ఒకప్పుడు చదవగలిగిన వారు మళ్లీ చదవలేనివారు అవుతున్నారు. అప్పుడు వాక్యం వారి దగ్గరకు వెళ్లే దారి, 1833లో లాగే, పాటే.

దీనికి శరీరంలోనే కారణం ఉంది. చాలాకాలంగా తెలిసిన పాటలను దాచుకునే మెదడు భాగాలు అల్జైమర్స్ వ్యాధిలో మిగతా భాగాలకంటే తక్కువగా దెబ్బతింటాయని జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించారు. పదేళ్ల నుండి ముప్పై ఏళ్ల లోపు నేర్చుకున్న సంగతులు మనిషిలో గట్టిగా నిలుస్తాయని కూడా తెలిసిందే. ఉదయం తిన్న ఇడ్లీ గుర్తులేని తల్లి, సండే స్కూల్లో నేర్చుకున్న కీర్తన నాలుగు చరణాలు పాడగలగడం అందుకే. పాట వ్యాధిని నయం చేయదు. పాడిన కాసేపటికి మళ్లీ మరుపు కమ్ముతుంది. కానీ ఆ కాసేపు భయం తగ్గుతుంది, ముఖంలో వెలుగు వస్తుంది, ఆ మనిషి మళ్లీ మనతో ఉంటారు. పాడేవారు మనమైతే ఆ కాసేపు మనకూ దొరుకుతుంది.

అల్ ఖోర్‌లో ఉన్న మనం ఏం చేయగలం? మన పెద్దవాళ్లు ఎక్కువమంది ఇక్కడ మనతో లేరు. ఉద్యోగం మనల్ని ఇక్కడ, వారిని అక్కడ ఉంచింది. కొందరు ఇంట్లో ఒంటరిగా, కొందరు వృద్ధాశ్రమంలో. వారానికి ఒకసారి వీడియో కాల్ చేసి, తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడిగాక మాటలు అయిపోతాయి. అప్పుడు ఒక కీర్తన పాడండి. గొంతు బాగోలేదని వెనుకాడకండి. వారు యౌవనంలో పాడిన పాటనే ఎంచుకోండి, కొత్త పాట వద్దు. శ్రుతి తగ్గించి, నెమ్మదిగా, వారికి తెలిసిన పాత స్వరంలోనే పాడండి. ఫోన్‌లో మాట కొంచెం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి పాడితే తాళం తప్పుతుంది. పల్లవి మీరు పాడి ఆగండి, చరణం వారికి వదలండి. గుర్తుందా అని పరీక్షించకండి, ఆ ప్రశ్న వారిని నొప్పిస్తుంది. అదే పాట పది వారాలు పాడినా ఫరవాలేదు. చూసుకునే ఆయమ్మకు కూడా ఆ పాట నేర్పితే, మీరు లేని రోజున ఆమె పాడుతుంది. సెలవుకు ఊరు వెళ్లినప్పుడు దగ్గరలోని వృద్ధాశ్రమంలో పండ్లు, దుప్పట్లు పంచి ఫొటో దిగి రావడంతో సరిపెట్టకుండా, ఒక అరగంట కూర్చుని వారితో కలిసి పాడండి.

ఇంకొక మాట. ఇదే సంగతి మనకూ వస్తుంది. నలభై ఏళ్ల తరువాత మన చూపు మందగించినప్పుడు మన నోట ఏ పాట మిగులుతుంది? తెర మీద అక్షరాలు కనబడితేనే పాడే అలవాటు మనది. తెర ఆపేస్తే రెండో చరణం రాదు. మన పిల్లలు తెలుగు చదవలేకపోవచ్చు, చౌదరి గారి కాలపు సంఘం కూడా చదవలేదు. వారికి పాట పట్టుబడింది, మన పిల్లలకూ పట్టుబడుతుంది. ఈ నెల ప్రతి ఇంట్లో ఒక్క కీర్తన, పుస్తకం చూడకుండా, అన్ని చరణాలూ నేర్చుకుందాం. పిల్లలు దాన్ని అమ్మమ్మకో నానమ్మకో ఫోన్‌లో పాడి వినిపించనివ్వండి.

71వ కీర్తనలో భక్తుడు, తల నెరసిన కాలంలో తనను విడువవద్దని, రాబోయే తరానికి దేవుని బలాన్ని చెప్పేవరకు తనతో ఉండమని వేడుకుంటాడు. మన పెద్దల మనసులో ఉన్న ప్రార్థన అదే. దేవుడు వారిని విడువలేదు. మనమూ విడువకుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.