కాయకమును గౌరవించిన మంత్రి

పన్నెండవ శతాబ్దమున కన్నడదేశమందలి బాగేవాడి ప్రాంతమున మాదిరాజు, మాదాంబ అను పుణ్యదంపతులకు బసవేశ్వరుడు జన్మించెను. జన్మభేదమును సహింపజాలక బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమము చేరి విద్యనభ్యసించెను.

పిమ్మట బిజ్జలుని కొలువున కరణముగా ప్రవేశించి, లెక్కలయందలి నేర్పుచేతను నిజాయితీచేతను భాండారాధిపతియై, కల్యాణమున మంత్రి పదవిని అధిష్ఠించెను. పదవి పెరిగినను శ్రమజీవులకు దూరము కాలేదు. అనుభవమంటపమును నెలకొల్పి, దాని అధ్యక్షపీఠమును తాను గైకొనక అల్లమప్రభువున కప్పగించెను. అచట మడివాలు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేనెడి చందయ్య, కట్టెలమ్మెడి మారయ్య, అక్కమహాదేవి మున్నగువారు మంత్రితో సమానముగా కూర్చుండి సంభాషించిరి. ఆయన పలికినది సామాన్యుల వాడుక కన్నడము. అందుచే చెప్పిన మాట వినువానికి చేరెను; విన్నవాడు మారుపల్కుటకు జంకలేదు.

మంత్రి ముంగిట రాలిన బియ్యపుగింజల నేరుకొని జీవించు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వానిని తిరిగి అచటనే పోసిరమ్మనెనని సంప్రదాయము. అధికారి పెట్టినను అక్కరలేనిదానిని వలదనగల ఆత్మగౌరవము ఆ సమాజమున నెలకొనియుండెను.

భాండారమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొందరు రాజునకు కొండెములు చెప్పిరి. లెక్కించి చూడగా ధనము సరిగానే యుండెనందురు. కాని హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేయగా రాజు ఆగ్రహించి వారిరువురి తండ్రులకు మరణదండన విధించెను. ఆ సంక్షోభమున బసవేశ్వరుడు పదవిని విడిచి కూడలసంగమమునకు మరలి, 1167 ప్రాంతమున లింగైక్యము నొందెను. ఆయన చరితమును పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణముగా రచించి తెలుగు సామాన్యుల కందించెను.

నస్పూరు, శ్రీరాంపూరు ప్రాంతముల బొగ్గుగనులలో మన సోదరులు షిఫ్టులవారీగా శ్రమించుచున్నారు. గని పైకప్పు చేసెడి తొలి చప్పుడు దాని క్రింద నిలిచిన కార్మికునికే వినవచ్చును. ఆ మాట సర్దారునకును, ఓవర్‌మన్‌కును, మేనేజరునకును జంకులేక చేరవలెను. నడుమ నెవ్వరైనను కసరికొట్టినచో పోవునది ప్రాణము. క్రిందివాని మాటకు పీఠము వేసిన బసవేశ్వరుని మార్గము గనిలోను, కార్యాలయమునను, గృహమునను సమానముగా ఆచరణీయము.