మైదానంలో నూరేళ్ళు: కాన్‌స్టన్స్ యాపిల్‌బీ

చిన్నప్పుడు బడికి వెళ్ళడానికే ఒంట్లో శక్తి చాలని ఒక అమ్మాయి, పెద్దయ్యాక ఎన్నో తరాల ఆడపిల్లలకు ఆటల టీచరయ్యారు. నూటేడేళ్ళు బతికారు. అమెరికా కాలేజీ అమ్మాయిల చేతికి హాకీ కర్ర అందించిన కాన్‌స్టన్స్ యాపిల్‌బీ ఆమె.

1873 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, చిగ్‌వెల్ అనే ఊళ్ళో పుట్టారు. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇంట్లోనే చదువు చెప్పించారు. అలాంటి పిల్ల తర్వాత వ్యాయామ విద్యనే ఎంచుకుని డిప్లొమా పొందారు. అప్పటికే ఇంగ్లండులో అమ్మాయిలు హాకీ ఆడుతున్నారు. 1895లో వారికొక జాతీయ సంఘం కూడా ఏర్పడింది.

1901 వేసవిలో ఆమె వ్యాయామ విద్య కోర్సు కోసం అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళారు. అక్కడి మహిళా కాలేజీల్లో బాస్కెట్‌బాల్ వంటివి అప్పుడప్పుడే మొదలవుతున్నా, కుర్చీలాట లాంటివి కూడా వ్యాయామం కింద చెల్లుబాటయ్యేవి. ఇంగ్లండులో అవి విందుల్లో సరదాకి ఆడుకునేవి. యాపిల్‌బీ ఆ సంగతే చెప్పి ఊరుకోలేదు. దొరికిన కర్రలు, బంతి పోగుచేసి, వ్యాయామశాల వెనక ఉన్న ఖాళీ జాగాలో తోటివాళ్ళ చేత హాకీ ఆడించి చూపించారు.

చూసినవారిలో వాసర్ కాలేజీ క్రీడల అధికారి హ్యారియట్ బాలంటైన్ ఒకరు. ఆమె వెంటనే తమ కాలేజీకి రమ్మన్నారు. అలా వాసర్‌తో మొదలై స్మిత్, వెల్స్‌లీ, మౌంట్ హోల్యోక్, రాడ్‌క్లిఫ్, బ్రిన్ మార్ కాలేజీలకు యాపిల్‌బీ హాకీని తీసుకువెళ్ళారు. ఎక్కువగా పరుగెత్తితే ఆడవాళ్ళ ఆరోగ్యం చెడుతుందని, పిల్లల్ని కనడానికి పనికిరారని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మిన రోజులవి. పొడవాటి గౌన్లతోనే అమ్మాయిలు మైదానంలోకి దిగారు. ఆడిన తర్వాత వారికేమీ కాలేదు. డాక్టర్ల మాటకు అంతకన్నా గట్టి జవాబు అక్కర్లేకపోయింది.

1904లో బ్రిన్ మార్ కాలేజీ ఆమెను బయటి ఆటల డైరెక్టరుగా నియమించింది. ఆడపిల్లల చదువు మగపిల్లల చదువుకు ఎందులోనూ తీసిపోకూడదని పట్టుబట్టిన కేరీ థామస్ అప్పుడు ఆ కాలేజీ అధ్యక్షురాలు. ఆటలూ చదువులో భాగమేనని అక్కడ సుమారు పాతికేళ్ళు ఉండి చూపించినవారు యాపిల్‌బీ. మైదానం ఒక చివర నుంచి ఆమె వేసే కేక రెండో చివర దాకా వినిపించేదట. పిల్లలు ముద్దుగా ఆమెను ‘ది యాపిల్’ అనేవారు.

ఒక్క కాలేజీతో పని తీరదని ఆమెకు తెలుసు. 1922లో అమెరికా మహిళల హాకీ సంఘం ఏర్పడటంలో ఆమెది పెద్ద చేయి. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా కొండల్లోని మౌంట్ పోకోనో దగ్గర హాకీ శిబిరం ప్రారంభించారు. అక్కడ నేర్చుకున్నవారు తమ తమ బడులకు, కాలేజీలకు వెళ్ళి మళ్ళీ పిల్లలకు నేర్పేవారు. ఆట దేశమంతా పాకింది ఇలాగే. బ్రిన్ మార్ ఉద్యోగం వదిలాక కూడా ఆమె శిబిరం వదల్లేదు. తొంభై అయిదో ఏడు వచ్చేదాకా పిల్లలకు ఆట నేర్పుతూనే ఉన్నారు.

ఒలింపిక్స్‌లో మగవారి హాకీ 1908లోనే మొదలైంది. ఆడవారికి ఆ అవకాశం రావడానికి 1980 మాస్కో క్రీడల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తొలి పోటీలోనే మన భారత అమ్మాయిలు నాలుగో స్థానంలో నిలిచారు. అమెరికా ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది కనుక, యాపిల్‌బీ నాటిన మొక్క అక్కడ కనబడలేదు. 1981 జనవరి 26న ఆమె ఇంగ్లండులో కన్నుమూశారు. 1984లో లాస్ ఏంజలెస్‌లో అమెరికా మహిళల జట్టు కాంస్య పతకం గెలిచింది. చూడటానికి ఆమె లేరు.

పరీక్షలు దగ్గర పడితే ఆటల పీరియడు లెక్కలకో ఇంగ్లీషుకో వెళ్ళిపోవడం మనందరికీ తెలిసిందే. ఆ కాస్త సమయం ఉన్నప్పుడైనా మైదానంలో మగపిల్లలు ఆడుతుంటే, ఆడపిల్లలు చెట్టు కింద కూర్చుని చూడటమూ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ స్వర్ణోత్సవ వేళ బడికి ఏం చేద్దామని ఆలోచిస్తున్న పూర్వ విద్యార్థులు, ఉపాధ్యాయులు ఆ చెట్టు కింది పిల్లల్ని కూడా ఒకసారి తలచుకుంటే బాగుంటుంది. యాపిల్‌బీ మొదలుపెట్టింది నాలుగు కర్రలు, ఒక బంతి, ఒక ఖాళీ జాగాతోనే.