మేడమ్ రెస్టెల్ జీవితము

శాసనములు చేసినవారి జీవిత చరిత్రలు విరివిగా లభించును. ఆ శాసనములకు గురియైనవారి చరిత్రలు అరుదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో గర్భస్రావ నిషేధ చట్టాలు ఒక్కొక్కటిగా రూపొందిన కాలమంతా ఆ నగరంలోనే నివసించి, వాటితో నలభై యేండ్లు పెనుగులాడి, చివరకు వాటి వలలోనే చిక్కి మరణించిన ఒక స్త్రీ కథను పాఠకుల ముందుంచదలచినాము. లోకం ఆమెను మేడమ్ రెస్టెల్ అని ఎరుగును. నిజానికి అది ఆమె పేరు కాదు.

ఆన్ ట్రో 1812వ సంవత్సరం మే నెలలో ఇంగ్లండులోని పెయిన్స్‌విక్ అను ఊరిలో ఒక ఉన్ని మిల్లు కూలీ ఇంట జన్మించినది. పదిహేనవ యేట ఒక కసాయి ఇంట పనిమనిషిగా కుదిరినది. పదహారవ యేట హెన్రీ సమ్మర్స్ అను దర్జీని పెండ్లాడినది. 1831లో ఆ దంపతులు న్యూయార్కు చేరినారు. కొద్దికాలానికే భర్త జ్వరంతో మరణించినాడు. పరాయి దేశం, ఒడిలో పసిబిడ్డ. సూది దారం తప్ప వేరొక ఆధారం లేదు. 1836లో చార్లెస్ లోమన్ అను అచ్చుకూటపు ఉద్యోగిని పునర్వివాహం చేసుకొన్నది. ఫ్రాన్సు దేశంలో తన అమ్మమ్మ వద్ద వైద్యం నేర్చిన మేడమ్ రెస్టెల్ అను కల్పిత వ్యక్తిని సృష్టించినది ఈ ఇరువురే. 1839 నాటికి నగర పత్రికలలో ఆమె మాత్రల ప్రకటనలు వెలువడసాగినవి. ఆగిన ముట్టును తిరిగి రప్పించునవి అని వాటిలో సంకేతంగా వ్రాసేవారు. చదివిన స్త్రీలకు అర్థం తెలియనిది కాదు. ధనవంతుల వద్ద నూరు డాలర్లు, పేదల వద్ద ఇరవై డాలర్లు పుచ్చుకొనేదని ప్రతీతి. ఆమె పుణ్యాత్మురాలని చెప్పుట మా ఉద్దేశం కాదు. ఆమె వ్యాపారస్థురాలు, గట్టి వ్యాపారస్థురాలు.

ఇక చట్టం సంగతి. పూర్వపు ఆంగ్ల సంప్రదాయంలో కడుపులోని బిడ్డ కదలిక తల్లికి తెలియనంతవరకు గర్భస్రావం నేరం కాదు. న్యూయార్కు రాష్ట్రం 1828లో చేసిన చట్టం కదలికకు ముందు జరిపించినదానిని చిన్న నేరంగాను, తరువాతిదానిని నరహత్యగాను ఎంచినది. 1845లో మరొక అడుగు వేసి, గర్భస్రావం కోరిన స్త్రీని కూడ శిక్షార్హురాలిని చేసినది. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలోని 312వ సెక్షను సైతం ఆ స్త్రీని విడిచిపెట్టలేదని న్యాయశాస్త్ర విద్యార్థులు గమనింతురు గాక.

శాసనం వ్రాయుట సులభం, సాక్ష్యం తెచ్చుట కష్టం. మూసిన తలుపుల వెనుక జరిగినదానిని ఇద్దరే ఎరుగుదురు. ఆ ఇద్దరినీ చట్టం నేరస్థులుగా ఎంచినప్పుడు నోరు విప్పేదెవరు? 1841లో ఆన్ పర్డీ అను క్షయరోగి మరణశయ్యపై ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా రెస్టెల్‌ను దోషిగా నిర్ణయించినారు. ఆ వాంగ్మూలం విధిప్రకారం తీసుకొనబడలేదని పై న్యాయస్థానం తీర్పును కొట్టివేసినది. 1846లో అల్లరి మూక ఒకటి ఆమె ఇంటిని చుట్టుముట్టినది. పోలీసులు అడ్డుకొనకపోయినచో ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును. 1847లో మరియా బోడైన్ అను సేవకురాలి వ్యవహారం వచ్చినది. ఆమెను గర్భవతిని చేసినవాడు యజమానియే, ఖర్చు భరించినవాడు కూడ అతడే. అయినను బోను ఎక్కినది, నడవడిని గురించి నిండు సభలో ప్రశ్నలతో చీల్చబడినది ఆ దీనురాలు. యజమానికి అటువంటి పరీక్ష రాలేదు. జూరీ రెస్టెల్‌ను చిన్న నేరానికి మాత్రమే దోషిగా తేల్చినది. ఒక సంవత్సరం శిక్షను బ్లాక్‌వెల్స్ దీవి చెరసాలలో అనుభవించినది. అచ్చట ఆమెకు ఈకల పరుపు సైతం దొరికినదని పత్రికలు గగ్గోలు పెట్టినవి.

విడుదలైన పిమ్మట ఆమె మరింత ధనవంతురాలైనది. ఫిఫ్త్ ఎవెన్యూలో 52వ వీధి మూలన రాతి భవనం కట్టించినది. పెద్దింటి స్త్రీలు రాత్రివేళ బండ్లలో వచ్చి పోయేవారట. పగటివేళ ఆమె బండి ఎదురైనచో మొగము త్రిప్పుకొనేవారట.

చట్టానికి సాక్షి దొరకని చోట సాక్షిని తానే తయారు చేయగల మనిషి ఒకడు బయలుదేరినాడు. ఆంథొనీ కామ్‌స్టాక్ పట్టుదల వలన 1873 మార్చిలో అమెరికా ప్రభుత్వం అశ్లీల సాహిత్యంతోపాటు గర్భనిరోధక, గర్భస్రావ సాధనాలను తపాలాలో పంపుటను నిషేధించినది. ఆయనకు తపాలా శాఖ ప్రత్యేక ప్రతినిధి హోదా లభించినది. 1878 ప్రారంభంలో ఆయన మారుపేరుతో, ఒక స్త్రీ ఇబ్బందిలో ఉన్నదని చెప్పి, రెస్టెల్ తలుపు తట్టినాడు. మందులు కొన్నాడు. తిరిగి పోలీసులతో వచ్చినాడు.

అప్పటికి భర్త గతించి యున్నాడు. ఆమెకు అరువది ఐదు దాటినవి. ధనం అపారంగా ఉన్నను జామీను నిలువవలసినవారు పేరు బయటపడునని జంకినారు. విచారణ జరుగవలసిన ఏప్రిల్ 1వ తేదీ ఉదయం స్నానపు తొట్టిలో కంఠం కోసుకొని మరణించి యున్నది. ఏప్రిల్ ఫూల్ పరిహాసమని కొందరు మొదట నమ్మలేదు. తన మూలాన ఆత్మహత్య చేసుకొన్నవారిలో ఆమె పదిహేనవదని కామ్‌స్టాక్ గొప్పగా లెక్క చెప్పినాడని చరిత్రకారులు వ్రాయుదురు. ఒక మనిషి చావును అంకెలలో చేర్చుకొన్న ఆ మాట మమ్ము కలచివేసినది.

న్యూయార్కు రాష్ట్రం 1970లో తన నిషేధాన్ని సడలించినది. మన దేశంలో 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం 1972 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది, తేదీ కాకతాళీయమే. అమెరికా సుప్రీంకోర్టు 1973లో దేశమంతటికీ ఇచ్చిన రక్షణను 2022 జూన్‌లో తానే తొలగించినది. అధికారం మరల రాష్ట్రాలకు పోయినది. పలు రాష్ట్రాలు నిషేధాలు విధించినవి. కామ్‌స్టాక్ చట్టంలోని గర్భస్రావ సంబంధమైన భాగం నేటికీ రద్దు కాక గ్రంథంలోనే యున్నది. తపాలాలో వచ్చు మాత్రలకు దానిని వర్తింపజేయవచ్చునా అని అచ్చటి న్యాయవాదులు వాదులాడుకొనుచున్నారు.

రెస్టెల్ దేహాన్ని టారీటౌన్ సమీపాన భర్త ప్రక్కనే పాతిపెట్టినారు. ఆ శవం ఆమెది కాదనియు, ఆమె మారువేషంతో దేశం దాటిపోయినదనియు వదంతులు చాలకాలం నగరంలో తిరిగినవి.